ఓడ బ్రిడ్జి మీద మాట: నౌకాధికారుల బృంద శిక్షణలో భాషాంశాలు – తెలుగు నేపథ్యం

వ్యాససంగ్రహం

ఓడను నడిపే అధికారులకిచ్చే బ్రిడ్జి బృంద శిక్షణ యంత్రాలకూ గణితానికీ సంబంధించిన విద్యగానే సాధారణంగా పరిగణన పొందుతున్నది. కాని ఆ శిక్షణలో సగభాగం మాటకు సంబంధించినది. ఆజ్ఞను ఎలా పలకాలి, విన్నవాడు దానిని ఎలా తిరిగి పలకాలి, పై అధికారి పొరపాటును కింది అధికారి ఏ వాక్యంతో ఎత్తిచూపాలి అన్నవి అందులో ప్రధాన పాఠాలు. తెలుగు మాతృభాషగా గల విద్యార్థికి ఈ పాఠాలలో ఎదురయ్యే ఇబ్బందులేమిటో, వాటికి తెలుగు వ్యవహారంలోనే దొరికే ఆధారాలేమిటో ఆసిఫాబాద్ ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: బ్రిడ్జి బృందం, చుక్కాని ఆజ్ఞలు, గౌరవవాచకాలు, ప్రయాణ ప్రణాళిక, ప్రాణహిత, పారిభాషిక పదాలు.

1. సముద్రం లేని నేల

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాకు సముద్రం లేదు. పెద్దవాగు ఒడ్డున ఉన్న ఆసిఫాబాద్ నుంచి విశాఖపట్నానికి గాని, మచిలీపట్నానికి గాని చేరాలంటే దూరప్రయాణం చేయవలసిందే. అయినా ఓడల ఊసు ఈ నేలకు కొత్తది కాదు. కౌటాల మండలంలోని తుమ్మిడిహెట్టి దగ్గర వార్ధా, వైన్‌గంగా నదులు కలిసి ప్రాణహితగా మారి, మహారాష్ట్రకూ తెలంగాణకూ సరిహద్దుగా ప్రవహించి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. పందొమ్మిదో శతాబ్దం నడుమ సర్ ఆర్థర్ కాటన్ ఈ నీటిదారిని సముద్రం దాకా నౌకాయానానికి తెరవాలని వాదించాడు. వార్ధా లోయలోని పత్తి పడవల మీద కాకినాడ రేవుకు చేరాలన్నది ఆ ఆలోచన. నదిలో రాతి అడ్డంకులు మూడుచోట్ల ఉన్నాయి. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండవది ఇంచంపల్లి దగ్గర, మూడవది ప్రాణహిత మీద దేవలమరి దగ్గర. వీటిని తప్పించే కాలువలు, లాకుల పని కెప్టెన్ హేగ్ ఆధ్వర్యంలో 1860వ దశకంలో సాగింది. 1867లో రైలు నాగపూరుకు చేరింది. పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో గోదావరి ఎగువ పనులను ప్రభుత్వం మానుకొన్నది.

అంతకు ఆరు శతాబ్దాల ముందు, సముద్రానికి ఎంతో దూరాన ఓరుగల్లులో ఉండి పాలించిన గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు (క్రీ.శ. 1244). తుఫానుకు చెదరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు బలవంతంగా లాగుకొనేవారని, తాను నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోనని అందులో ప్రకటించాడు. సముద్రంలో దారి తప్పిన నావికుడి పట్ల భూమి మీది అధికారానికి ఒక బాధ్యత ఉంటుందన్న భావన తెలుగునేలకు కొత్తది కాదనడానికి ఈ శాసనం సాక్ష్యం.

నేడు ఈ జిల్లాలో ఇంటర్మీడియట్ ఎం.పి.సి. చదివిన విద్యార్థి నౌకాధికారి కావాలనుకొంటే దారి ఉంది. 2008లో ఏర్పడిన ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ నిర్వహించే ప్రవేశపరీక్ష రాయాలి. నాటికల్ సైన్సులో డిప్లొమాకో, మూడేళ్ళ బి.ఎస్సీ.కో చేరాలి. ఆపై కేడెట్‌గా ఓడమీద నిర్ణీతకాలం పనిచేసి, సెకండ్ మేట్ యోగ్యతాపరీక్ష నెగ్గాలి. 1927లో బొంబాయిలో 'డఫరిన్' అనే శిక్షణనౌకతో మొదలైన భారతీయ నౌకావిద్య 'రాజేంద్ర', 'చాణక్య' సంస్థల మీదుగా ఇక్కడికి చేరింది. ఈ విశ్వవిద్యాలయానికి విశాఖపట్నంలోనూ ప్రాంగణముంది గాని, దాని ప్రసిద్ధి ఓడల రూపకల్పనకు సంబంధించిన చదువుల వల్ల వచ్చినది. ఓడను కట్టే చదువు వేరు, నడిపే చదువు వేరు అన్న భేదం ఊళ్ళలోని సలహాదారులకు తరచు తెలియదు.

2. 'బ్రిడ్జి' అంటే వంతెన కాదు

ఓడను నడిపించే అధికారులు నిలబడే ఎత్తైన గది పేరు బ్రిడ్జి. పత్రికా అనువాదాలలో ఇది 'వంతెన'గా మారితే పాఠకుడికి నది మీది కట్టడం కళ్ళముందుకు వస్తుంది. ఆ అనువాదంలో చారిత్రకంగా కొంత నిజం లేకపోలేదు. రెండు పక్కలా పెద్ద చక్రాలతో నడిచిన తొలినాటి ఆవిరి ఓడలలో ఆ చక్రాల పెట్టెలను కలుపుతూ పైన ఒక నడవ ఉండేది. అక్కడినుంచి ముందుదారి బాగా కనిపించేది గనుక అధికారి అక్కడే నిలబడేవాడు. నడవ పోయింది, పేరు మిగిలింది. పదచరిత్ర ఏదైనా, నేటి తెలుగులో 'బ్రిడ్జి' అని ఉంచడమే అర్థస్పష్టతకు మేలు. ఈ వ్యాసంలో ఆ మాటనే వాడడమైనది.

బ్రిడ్జి మీద సాధారణంగా ఉండేవారు కొద్దిమందే. కాపలా అధికారి, చుక్కాని పట్టేవాడు, చూపు కాసేవాడు ఉంటారు. రేవు దగ్గరైతే కెప్టెన్, రేవు నుంచి వచ్చే పైలట్ కూడా తోడవుతారు. అలవాటైన దారి, అలవాటైన యంత్రాలే అయినా ప్రమాదాలు జరుగుతూ ఉండడానికి కారణమేమిటన్న ప్రశ్న విమానరంగంలో ముందు తలెత్తింది. 1977 మార్చి 27న టెనెరిఫె విమానాశ్రయంలో రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. పొగమంచులో అనుమతి లేకుండానే విమానాన్ని పరుగెత్తించిన కెప్టెన్‌ను పక్కన కూర్చున్నవారు గట్టిగా ఆపలేకపోయారు. ఆ తరువాత విమాన సిబ్బందికి రూపొందిన సమష్టి శిక్షణే 1990వ దశకంలో ఓడల బ్రిడ్జిలోకి వచ్చింది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ నమూనా కోర్సు 1.22 దీనికోసం ఉద్దేశించినది. నావికుల శిక్షణ, ధ్రువీకరణలపై 1978లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి 2010లో మనీలాలో జరిగిన సవరణలు 2012 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చి, బ్రిడ్జి వనరుల నిర్వహణను అధికారులకు తప్పనిసరి యోగ్యతగా చేశాయి.

3. ఆజ్ఞ, మారుపలుకు

చుక్కాని ఆజ్ఞ ఇచ్చే పద్ధతి భాషాశాస్త్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించేది. అధికారి "స్టార్‌బోర్డ్ టెన్" అంటాడు. చుక్కాని పట్టినవాడు అదే మాటను తిరిగి పలుకుతాడు. చుక్కాని పది డిగ్రీలకు చేరిన తరువాత చేరిందని మరల చెప్తాడు. అధికారి సూచికను కళ్ళతో చూసి సరేనంటాడు. ఒక చిన్న పనికి నాలుగు పలుకులు. పైకి వృథాగా కనిపించే ఈ పునరుక్తిలోనే రక్షణ ఉంది. అలంకారశాస్త్రం దోషంగా ఎంచినది ఇక్కడ గుణం.

కుడి, ఎడమ అనకుండా స్టార్‌బోర్డ్, పోర్ట్ అనడానికీ కారణముంది. కుడి, ఎడమలు మాట్లాడేవాడు ఎటు తిరిగి ఉన్నాడన్నదాన్నిబట్టి మారిపోతాయి. ఓడ వెనుకవైపు చూస్తున్న మనిషి కుడి, ముందువైపు చూస్తున్నవాడికి ఎడమ. స్టార్‌బోర్డ్ మాత్రం ఎవరు ఎటు చూసినా ఓడకు కుడిపక్కే. పదాల ధ్వనిసామ్యం ప్రమాదహేతువని ఇంగ్లీషువారు గుర్తించడానికి చాలాకాలం పట్టింది. ఎడమ పక్కకు పూర్వం 'లార్‌బోర్డ్' అనే పేరుండేది. గాలిహోరులో 'స్టార్‌బోర్డ్', 'లార్‌బోర్డ్' ఒకే రీతిగా వినిపించడం వల్ల బ్రిటిష్ నౌకాదళం 1844లో దాన్ని తొలగించి 'పోర్ట్' అన్న మాటను స్థిరపరచింది. ఇంకొక చిక్కు అంతకంటె విచిత్రమైనది. చుక్కానిని కర్రతో తిప్పిన రోజుల్లో కర్రను కుడికి నెడితే ఓడ ఎడమకు తిరిగేది. చక్రం వచ్చాక కూడా ఆజ్ఞలు పాతపద్ధతిలోనే కొనసాగాయి. 1912లో టైటానిక్ మీద 'స్టార్‌బోర్డ్' అన్న ఆజ్ఞకు ఓడ ముక్కు ఎడమకు తిరగడం ఆనాటి మర్యాద ప్రకారం సరైనదే. ఓడ తిరగవలసిన దిక్కునే పలకాలన్న అంతర్జాతీయ నిబంధన 1929 నాటి ఒప్పందంలో వచ్చింది.

2001లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ప్రామాణిక సంభాషణా వాక్యాలను ఆమోదించింది. ఇందులో సంఖ్యను అంకెలుగా విడదీసి పలకాలి. నూటయాభై అనకుండా ఒకటి, అయిదు, సున్న అనాలి. సంభావ్యతను తెలిపే సహాయక్రియలను వీలైనంత మానాలి. చెప్పబోయేది ప్రశ్నా, హెచ్చరికా, సలహా, ఆదేశమా అన్నది వాక్యానికి ముందే ఒక మాటలో ప్రకటించాలి. ఇటువంటి గుర్తుమాటలు ఎనిమిది.

తెలుగు దృష్టితో చూస్తే ఈ నియమాలు మరింత అర్థవంతమవుతాయి. ఇంగ్లీషులో పదిహేను, యాభై అనే సంఖ్యల పేర్లు చెవికి కలగాపులగమవుతాయి. తెలుగులో ఆ జంటకు చిక్కులేదు గాని, 'ఇరవై', 'అరవై' ఇంజిన్ల హోరులో ఒకటిగా వినిపించగలవు. అంకెలుగా విడదీస్తే రెండు సున్న, ఆరు సున్న అవుతాయి, సందేహం తీరుతుంది. 'కాబోలు', 'ఏమో', 'అనుకుంటా' అనేవి తెలుగు సంభాషణకు అందం. మాట్లాడేవాడి వినయాన్ని అవి సూచిస్తాయి. బ్రిడ్జి మీద అవే మాటలు వినేవాడికి ఏమీ చెప్పనివవుతాయి.

ఓడమీద పనిభాష ఏదో నిర్ణయించి, లాగ్‌పుస్తకంలో నమోదు చేయాలని సముద్రంలో ప్రాణరక్షణ ఒప్పందం విధిస్తున్నది. 2012 జనవరి 13న ఇటలీలోని జిల్యో దీవి దగ్గర కోస్తా కాంకోర్డియా ఓడ రాతిని తాకి 32 మంది మరణించిన దుర్ఘటనలో, ఆఖరి క్షణాలలో కెప్టెన్ ఆజ్ఞను చుక్కాని పట్టిన ఇండోనేషియా నావికుడు తప్పుగా అందుకొని వ్యతిరేకదిశకు తిప్పినట్లు దర్యాప్తులో తేలింది. ప్రమాదానికి మూలం అది కాదు. ఓడను దీవికి అంతదగ్గరగా తీసుకుపోవడమే మూలం. అయినా తప్పించుకొనే చివరి అవకాశంలో ఒకరి మాట మరొకరికి చేరలేదు. తెలుగు, గోండి, కొలామి, మరాఠీ, ఉర్దూ ఒకే సంతలో వినిపించే ఆసిఫాబాద్ నుంచి వెళ్ళిన విద్యార్థికి బహుభాషా బృందంలో పనిచేయడం బెరుకు పుట్టించనక్కరలేదు. ఎదుటివాడికి అర్థమైందో లేదో ముఖం చూసి పోల్చుకోవడం అతనికి చిన్ననాటినుంచి ఉన్న అలవాటు. రాత్రిపూట చీకటి బ్రిడ్జి మీద ముఖం కనిపించదు గనుక మారుపలుకు మాత్రం నేర్చుకోక తప్పదు.

4. ఎదురుచెప్పడమనే పాఠం

బృంద శిక్షణలో అత్యంత కష్టమైనది ఇదే. కెప్టెనో పైలటో పొరబడుతున్నాడని కింది అధికారికి తోచినప్పుడు అతడు నోరు విప్పాలి. ఏ స్వరంలో, ఏ వాక్యంతో అన్నది ప్రశ్న.

2007 నవంబర్ 7న దట్టమైన పొగమంచులో కాస్కో బుసాన్ అనే కంటైనర్ ఓడ శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని వంతెన స్తంభానికి రాసుకొని, ఇంధనం సముద్రంలో కలిసింది. ఎలక్ట్రానిక్ చార్టు మీద కనిపించే ఎర్రని త్రికోణాలు దేనికి గుర్తని పైలట్ అడిగినప్పుడు, చైనా దేశీయుడైన కెప్టెన్ తప్పు అర్థం చెప్పాడు. ఆ గుర్తులు నిజానికి స్తంభాన్ని సూచించే తేలుబోయాలవి. అంత ముఖ్యమైన గుర్తుకు అర్థం తెలియని పైలట్‌ను ఓడ నడపనివ్వవచ్చా అన్న సందేహాన్ని కెప్టెన్ బయటపెట్టలేదు. స్థానికుడు, అనుభవజ్ఞుడు అయిన పైలట్‌ను ప్రశ్నించడం మర్యాద కాదన్న భావన ఇటువంటి మౌనాలకు కారణమవుతుందని శిక్షకులు భావిస్తారు.

విమాన సిబ్బంది సంభాషణలను పరిశీలించిన ఊటె ఫిషర్, జుడిత్ ఒరసాను అనే పరిశోధకులు పై అధికారి కిందివాడిని సరిదిద్దే తీరు, కిందివాడు పై అధికారిని సరిదిద్దే తీరు భిన్నమని చూపారు. మొదటిది ఆజ్ఞ, రెండవది సూచన లేక సైగ. తెలుగులో ఈ అంతరం ఇంకా లోతైనది. తెలుగు క్రియ విధిరూపంలోనే అంతస్తు పలుకుతుంది. 'తిప్పు', 'తిప్పండి' అన్న రెంటిలో ఒకదాన్ని ఎన్నుకోకుండా మాట్లాడడం సాధ్యం కాదు. ఉత్తర తెలంగాణ వ్యవహారంలో చిన్నవాడు పెద్దవాడితో "సారూ, జర సూడుండ్రి" అంటాడు. ఏమి చూడాలో చెప్పడు, అది పెద్దాయన గ్రహించుకోవాలి. తీరాంధ్ర విద్యార్థి "సార్, ఒక్కసారి చూస్తారా" అన్నా జరిగేది అదే. మర్యాద నిలబడుతుంది, సమాచారం చేరదు.

శిక్షణలో ఇందుకు నేర్పే క్రమం నాలుగు మెట్లది. మొదట అడగాలి, తరువాత హెచ్చరించాలి, ఆపై ఎదురుచెప్పాలి, చివరకు అత్యవసర చర్య తీసుకోవాలి. దీనిని తెలుగులో ఊహించి చూడవచ్చు. ముందు కుడివైపున ఒక ఓడ ఉంది. దాని దిక్సూచి దిక్కు మారడం లేదు, దూరం తగ్గుతోంది. ఢీకొనే ప్రమాదానికి ఇదే లక్షణమని అంతర్జాతీయ ఢీనివారణ నియమాలలో ఏడవది చెప్తుంది. మొదటి మెట్టు: "సార్, కుడి ముందున్న ఓడ మీకు కనిపిస్తోందా?" రెండవది: "సార్, దాని దిక్కు మారడం లేదు. దూరం మూడు మైళ్ళు." మూడవది: "సార్, మనం దారి ఇవ్వాలి. ఇప్పుడే కుడికి తిరగాలి." నాలుగవ మెట్టులో 'సార్' ఉండదు. అక్కడ ఆజ్ఞ మాత్రమే ఉంటుంది.

రెండవ వాక్యం స్వరూపం గమనింపదగినది. దాని కర్త ఓడ. 'మీరు' అన్న మాట అందులో లేదు, విధిక్రియ లేదు, అంతస్తు లేదు. గౌరవభంగం కాకుండా పూర్తి సమాచారం చేరింది. మనిషిని వదలి వస్తువు గురించి మాట్లాడడమే ఈ శిక్షణలో తెలుగువాడికి ఉపకరించే కీలకం.

ఇది పరాయి పద్ధతి అనుకోనక్కరలేదు. లారీని వెనక్కు తీసేటప్పుడు క్లీనర్ బండి పక్కను తడుతూ "రానీ, రానీ" అంటాడు, గోడ దగ్గరపడగానే "ఆపు" అని అరుస్తాడు. వయసులో, జీతంలో, అంతస్తులో డ్రైవరే పెద్ద. అయినా ఆ 'ఆపు'లో అమర్యాద ఉన్నదని ఏ డ్రైవరూ అనుకోడు. "ఆపండి సార్" అనవలసిందని ఎవరూ దిద్దరు. బస్సు కండక్టరు "రైట్, రైట్" కూడా అటువంటిదే. గోదావరి లాంచీలలో సరంగుకు, నీరు తక్కువైనచోట ముందుభాగాన గడతో లోతు చూసి చెప్పే మనిషికి మధ్య ఉండే మాటల తీరూ ఇంతే. పని జరిగే స్థలంలో, పని జరిగేంతసేపు గౌరవవాచకాన్ని పక్కనపెట్టే వ్యవహారభేదం తెలుగులో ఏనాటినుంచో ఉంది. చదువుకొన్న తెలుగు, ముఖ్యంగా కళాశాల తెలుగు దాన్ని మరచింది. నౌకాశిక్షణలో వెనుకబడేది తెలుగువారి భాష కాదు, తరగతిగదిలో వారికి అలవాటైన మౌనం.

కెప్టెన్ వైపునుంచీ ఒక బాధ్యత ఉంది. కాపలా మొదలయ్యే ముందే "నేను తప్పుచేస్తే చెప్పండి" అని అతడు నోటితో అనాలని శిక్షణలో చెప్తారు. అనుమతి ఒకసారి వినిపించినచోట కింది అధికారికి మొదటి మెట్టు ఎక్కడం సులభం.

5. ప్రయాణ ప్రణాళిక

ఓడ కదిలే ముందు ఒక రేవు గట్టు నుంచి మరో రేవు గట్టు దాకా మొత్తం దారిని గీయాలి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 1999లో ఆమోదించిన మార్గదర్శకాలు దీన్ని నాలుగు దశలుగా చెప్తాయి. సమాచారం సేకరించి అంచనా వేయడం, ప్రణాళిక గీయడం, అమలుచేయడం, అడుగడుగునా సరిచూడడం. ప్రవేశించకూడని నీళ్ళు, ఓడ అడుగుకూ సముద్రపు నేలకూ మధ్య ఉండవలసిన నీటి మందం, మలుపు మొదలుపెట్టవలసిన చోటు, ఇక వెనుదిరగడం సాధ్యం కాని చోటు ముందే గుర్తించి ఉండాలి. చివరిది అన్నిటికంటె ముఖ్యం. ప్రమాదం కనిపించాక నిర్ణయించుకొందామన్నవాడికి ఆ వేళ నిర్ణయించే తీరిక ఉండదు.

2020 జులై 25న వాకాషియో అనే భారీ సరుకు ఓడ మారిషస్ ఆగ్నేయతీరంలో పగడపు దిబ్బ మీదికెక్కింది. భారతీయులు కూడా ఉన్న సిబ్బందిది. కొద్దిరోజులకు సుమారు వెయ్యి టన్నుల నూనె సముద్రంలో కలిసింది. ఆ ఓడను అద్దెకు నడిపిన జపాన్ సంస్థ మిత్సుయి ఓ.ఎస్.కె. లైన్స్ వెల్లడించిన వివరాల ప్రకారం, దీవికి 22 మైళ్ళ దూరంగా వేసిన దారిని ముందు 5 మైళ్ళకు, ఆపై 2 మైళ్ళకు తగ్గించారు. ఫోను సిగ్నల్ అందే దూరానికి రావాలన్నది ఉద్దేశం. తీరానికి అంతదగ్గరగా పోవడానికి తగిన పెద్దస్థాయి చార్టు వారివద్ద లేదు. నెలల తరబడి ఇంటివాళ్ళ గొంతు వినని మనుషుల ఆరాటం అర్థం చేసుకోదగినదే. కాని దారి మార్చినవారు ప్రణాళికలోని మొదటి దశకు, అంటే సమాచార సేకరణకు తిరిగి వెళ్ళలేదు. గీత మాత్రం జరిపారు. బ్రిడ్జి మీదివారిలో "ఈ చార్టులో లోతులు లేవు" అన్న ఒక్క వాక్యం, కర్తస్థానంలో మనిషి లేని వాక్యం, ఎవరైనా పలికి ఉండవలసింది.

ఇటువంటి ఉదాహరణ కోసం మారిషస్ దాకా పోనక్కరలేదు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన రాయల్ వశిష్ట పున్నమి బోటు తూర్పుగోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగి నలభైమందికి పైగా మరణించారు. సుడులకు పేరుపడ్డ చోటు అది. సముద్రపు ఓడకూ నదీ బోటుకూ వర్తించే చట్టాలు వేరు. లోతట్టు జలరవాణాకు 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. ప్రశ్న మాత్రం రెండింటికీ ఒక్కటే: నది ఏ మట్టానికి చేరితే బయలుదేరకూడదు, బయలుదేరాక ఎక్కడ వెనుదిరగాలి, ఆ మాట చెప్పే అధికారం సరంగుకు ఉందా, యజమానికి ఉందా?

6. ఓడను మలపడం

నేల మీద పెరిగినవారికి వాహనమంటే కారు, బండి. అవి ముందు చక్రాలు తిరిగిన వైపు నడుస్తాయి. ఓడ అలా నడవదు. దాని చుక్కాని వెనుక ఉంటుంది. కుడికి తిరగాలంటే ముందు ఓడ వెనుకభాగం ఎడమకు నెట్టుకుపోతుంది. తోపుడుబండిని వెనుకనుంచి నెట్టుతూ మలుపు తిప్పేవాడు తాను మలుపుకు వ్యతిరేకంగా పక్కకు జరుగుతాడు. అనుభవానికి దగ్గరైన పోలిక అదే. ముందుకు పోతున్న ఓడ తిరిగే ఇరుసు మధ్యలో ఉండదు, ముక్కువైపు జరిగి ఉంటుంది.

ఆపడం ఇంకా కష్టం. పూర్తివేగంతో పోతున్న ఓడ యంత్రాలను వెనక్కు తిప్పినప్పుడు తన పొడవుకు 15 రెట్ల దూరంలోపు ఆగాలని అంతర్జాతీయ ప్రమాణం. 300 మీటర్ల ఓడకు అది నాలుగున్నర కిలోమీటర్లు. మరీ పెద్ద ఓడలకు ఇంకా సడలింపు ఉంది.

తక్కువ లోతులో వేగంగా పోయే ఓడ నీటిలోకి మరింత దిగుతుంది. బారస్ సూత్రం ప్రకారం ఓడ అడుగు ఆకృతికి సంబంధించిన గుణకాన్ని వేగం వర్గంతో గుణించి నూటితో భాగిస్తే దిగుదల మీటర్లలో సుమారుగా వస్తుంది. గుణకం 0.8, వేగం 10 నాట్లు అయితే దిగుదల 0.8 మీటర్లు. ఇరుకు కాలువలో ఇది రెట్టింపు. వేగాన్ని సగం చేస్తే దిగుదల నాలుగో వంతుకు తగ్గుతుంది. అందువల్ల అడుగు తగులుతుందన్న భయమున్నచోట మొదటి మందు వేగం తగ్గించడం. కాని వేగం తగ్గితే చుక్కాని పట్టు తగ్గుతుంది, పక్కగాలి బలం హెచ్చుతుంది. ఈ రెండింటి నడుమ తూకమే ఓడ నడిపే నేర్పు. 2021 మార్చి 23న దాదాపు 400 మీటర్ల ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఆరు రోజులు దారి మూసివేసింది. ఆనాటి ఆ ఓడ నావికులు భారతీయులే. బలమైన గాలి, ఇరుకు కాలువలో గట్టు వైపు ఓడను లాగే నీటిపీడనం వంటివి అటువంటి చోట కలసి పనిచేస్తాయి.

తెలుగుతీరంలో ఈ పాఠానికి విశాఖ రేవు మంచి ఉదాహరణ. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలి రేవుకు పోయే ఇరుకు కాలువలో 1933 అక్టోబర్ 7న జలదుర్గ తొలి ఓడగా ప్రవేశించింది. ముఖద్వారాన్ని అలల నుంచి కాచేందుకు జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను ముంచి అడ్డుగా నిలిపారు. పెద్ద ఓడల కోసం వెలుపలి రేవు 1976లో వచ్చింది. ఇటువంటి రేవులో పైలట్ సలహా ఇస్తాడు, టగ్గులు పట్టుకొంటాయి, కెప్టెన్ బాధ్యత మాత్రం పోదు.

7. తెలుగు పారిభాషికం, తరగతిగది

ఈ విద్యకు తెలుగు పారిభాషిక పదాలు కల్పించేటప్పుడు సంస్కృత సమాసాల వైపు మొగ్గడం సహజం. 'నౌకాసంచాలన వేదికా సమష్టి కార్యకౌశలం' వంటి సమాసం పుస్తకంలో ఉండవచ్చు, నోట ఆడదు. చుక్కాని, లంగరు, తెరచాప, రేవు, సరంగు, కళాసి, గడ వంటి మాటలు ఇప్పటికీ తీరాలలో, నదుల్లో ఆడుతున్నాయి. వీటిలో సరంగు, కళాసి, లంగరు పరభాషల నుంచి వచ్చినవే, ఓడలెక్కి వచ్చి తెలుగైనవి. వాటి పక్కన బ్రిడ్జి, పైలట్, చార్టు, టగ్గు కూడా ఇమిడిపోగలవు. ఓడమీద ఆజ్ఞలు ఇంగ్లీషులోనే ఉంటాయి, ఉండాలి కూడా. తెలుగు అవసరం అక్కడ కాదు. ఎందుకు అలా పలకాలో, ఎందుకు అడగాలో, ఎప్పుడు వెనుదిరగాలో మొదటిసారి అర్థం చేసుకొనే చోట ఉంది. ఈ విద్య మీద తెలుగులో పాఠ్యపుస్తకస్థాయి రచన అరుదు.

పూర్తిస్థాయి సిమ్యులేటర్‌లో మూడువైపులా తెరల మీద సముద్రం కనిపిస్తుంది. శిక్షకుడు మంచు కురిపించగలడు, యంత్రాన్ని ఆపగలడు, పైలట్ వేషంలో ఉద్దేశపూర్వకంగా తప్పు సలహా ఇవ్వగలడు. అభ్యాసం ముగిశాక గడచినదంతా తిరిగి వేసి చూపి, ఏ నిమిషంలో ఎవరికి సందేహం కలిగిందో, ఎన్ని నిమిషాల తరువాత నోరు విప్పారో లెక్కిస్తారు. ఆ వ్యవధిని తగ్గించడమే అభ్యాస లక్ష్యం.

అటువంటి యంత్రం లేని ఆసిఫాబాద్ కళాశాలలోనూ ఈ పాఠంలో మాటకు సంబంధించిన భాగాన్ని నడపవచ్చు. తుమ్మిడిహెట్టి నుంచి కాళేశ్వరం వరకు ప్రాణహిత పటం, ఒక బల్ల, నలుగురు విద్యార్థులు చాలు. ఒకరు సరంగు, ఒకరు చుక్కాని, ఒకరు గడతో లోతు చెప్పేవాడు, ఒకరు యజమాని తరఫు మనిషి. ఏ నెలలో బయలుదేరాలి, దేవలమరి అడ్డంకిని ఎలా దాటాలి, నీరు ఎంత పెరిగితే ఆగాలి అన్నవి ముందు రాసుకోవాలి. నడుమ అధ్యాపకుడు సరంగు పాత్రధారికి మాత్రమే తెలిసేలా ఒక తప్పు నిర్ణయం చెవిలో చెప్పాలి. మిగిలిన ముగ్గురిలో ఎవరు, ఏ వాక్యంతో, 'సారు' ముందుపెట్టి గాని పెట్టక గాని దాన్ని బయటపెడతారో రాసుకొంటే తెలుగు గౌరవవాచకాల వినియోగం మీద పరిశోధన చేసేవారికి కూడా అది పనికొచ్చే సామగ్రి అవుతుంది.